రైలుకి ఎవరు చెప్పాలి?



స్మారకోపన్యాసాలు మన దగ్గర కవుల పేరిట, పండితుల పేరిట, ప్రజానాయకుల పేరిట జరుగుతుంటాయి. ఒక రైల్వే గేట్‌మన్ పేరిట నిధి నెలకొల్పి ఉపన్యాసం పెట్టించాలని ఆయన పిల్లలకు తోచింది. అందుకు వాళ్లకి ముందుగా చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆహ్వానపత్రికలో ఉన్న ఆ పేరును పదేపదే తలవనక్కర్లేదని, నాన్న చేసిన పని గురించి మాట్లాడితే చాలని వాళ్లు నాతో అన్నారు. నా ఉద్యోగ జీవితమంతా సిగ్నల్, టెలికాం విభాగంలో గడిచింది. ఆ పని గురించి నాకు తెలిసింది, నన్ను బాధపెట్టింది, ఇంకా జరగాలని నేను కోరుకుంటున్నది చెబుతాను.

గేటు దగ్గర హెచ్చరిక అనగానే గంట, ఎర్రదీపం, రోడ్డుకి అడ్డంగా వాలే గేటు గుర్తొస్తాయి. ఇవన్నీ రైలు వస్తోందని రోడ్డు మీద ఉన్నవాళ్లకి చెప్పేవే. పట్టాల మధ్య లారీ ఆగిపోయిందని, బస్సు ఇరుక్కుపోయిందని రైలుకి ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి? ఎంతసేపట్లో చెప్పాలి? నూటయాభై ఏళ్లుగా మొదటి పనికి పెట్టిన బుర్ర, డబ్బు, శ్రద్ధ ఈ రెండో పనికి పెట్టలేదు. ఈ పూట నా మాటంతా దాని గురించే.

2014 జులై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొంది. అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడి రెండు నెలలు కూడా కాలేదు. టిఫిన్ డబ్బాలు, పుస్తకాల సంచులు పట్టాల పక్కన చెల్లాచెదురుగా పడి ఉన్న ఆనాటి ఫొటోలు మీలో చాలామంది మరిచిపోయి ఉండరు. డ్రైవరు తప్పు గురించి అప్పట్లో చాలా మాట్లాడారు. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ ప్రకారం కాపలా లేని గేటు దగ్గర డ్రైవరు బండి ఆపాలి. క్లీనరో కండక్టరో దిగి, పట్టాల దాకా నడిచి, రెండు వైపులా చూసి, బండికి ముందు నడుస్తూ దాటించాలి. బండిలో వేరే మనిషి లేకపోతే డ్రైవరే దిగి చూసుకోవాలి. మంచి చట్టమే. కానీ ఆ ఏర్పాటంతా ఒక్క మనిషి ఒక్క నిమిషం శ్రద్ధ మీద ఆధారపడి ఉంది. ఆ శ్రద్ధ తప్పిన రోజున అతన్ని, అతని వెనక కూర్చున్న పిల్లల్ని కాపాడే రెండో అడ్డు అక్కడ ఏదీ లేదు. నేను ఆ డ్రైవరును వెనకేసుకు రావడం లేదు. మనిషి ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాడని ముందే అనుకుని కట్టేదాన్నే భద్రత అంటాం, అంతే.

ఏ గేటుకి కాపలా పెట్టాలి, ఏ గేటును ముందు బాగుచేయాలి అని తేల్చడానికి రైల్వేలో టీవీయూ అనే లెక్క ఉంది. ట్రైన్ వెహికల్ యూనిట్ అని దాని పూర్తి పేరు. రోజులో ఆ గేటు మీదుగా పోయే రైళ్ల సంఖ్యను, దాటే బండ్ల లెక్కతో గుణిస్తారు. అందులో మోటారు బండి ఒకటి, ఎడ్లబండి ఒకటి, సైకిలు ఒకటిలో చిన్న భాగం. రద్దీని కొలవడానికి ఇది పనికొస్తుంది, కాదనను. కానీ నలభై మంది పిల్లలున్న బస్సు కూడా ఆ లెక్కలో ఒకటే, ఖాళీగా పోతున్న ట్రాలీ కూడా ఒకటే. పొద్దున ఎనిమిదిన్నరకి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి బడి బస్సు తప్ప పెద్ద రద్దీ లేని పల్లె గేటు ఆ జాబితాలో ఎప్పుడూ అడుగునే ఉంటుంది. ప్రాణాలు లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఈ గుణకారంలో చేరాలని నేను పదవిలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

అనిల్ కకోద్కర్ అధ్యక్షతన పనిచేసిన భద్రతా సమీక్షా సంఘం 2012లోనే చెప్పింది, కాపలా ఉన్నవైనా లేనివైనా లెవెల్ క్రాసింగులన్నీ అయిదేళ్లలో పోవాలని. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ దగ్గర మరో స్కూలు వ్యాను, మరో 13 మంది పిల్లలు. ఆ తర్వాత పని పరుగందుకుంది. 2019 జనవరి ఆఖరు కల్లా బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేటు ఒక్కటీ లేకుండా చేశారు. ఇది చిన్న పని కాదు. రాత్రింబవళ్లు కష్టపడ్డ ఇంజనీర్లు, ట్రాక్‌మెన్, పట్టాల కింద కాంక్రీటు పెట్టెలు తోసిన కూలీలు ఎందరో ఉన్నారు. వాళ్లకి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా నమ్మకం.

అయితే కాపలా మనిషి ఉన్నంత మాత్రాన గేటు భద్రమైపోదు. ఇప్పటికీ దేశంలో దాదాపు 17 వేల కాపలా గేట్లున్నాయి. వాటిలో సుమారు 11 వేల గేట్లకి ఇంటర్‌లాకింగ్ ఉంది. ఇంటర్‌లాకింగ్ ఉన్న చోట గేటు పడి తాళం పడితే తప్ప రైలుకి సిగ్నల్ ఇవ్వడం కుదరదు. సిగ్నల్ ఇచ్చాక గేటు తెరవడమూ కుదరదు. మనిషి పొరబడినా యంత్రం ఒప్పుకోదు. అది లేని చోట స్టేషన్ మాస్టరు ఫోన్ చేసి రైలు వస్తోందంటాడు, గేట్‌మన్ గేటు వేశానంటాడు, ఇద్దరూ మాట ఖాయం చేసుకోవడానికి ప్రైవేట్ నంబర్లనే సంకేత అంకెలు ఇచ్చిపుచ్చుకుని రిజిస్టర్లలో రాసుకుంటారు. రాసిన అంకెకీ, రోడ్డు మీద గేటుకీ మధ్య తీగ సంబంధం లేదు. 2025 జులై 8న తమిళనాడులో కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో స్కూలు వ్యానును రైలు ఢీకొన్న గేటు అలాంటిదే. అక్కడ కాపలా మనిషి ఉన్నాడు, ఫోనూ ఉంది, ఇంటర్‌లాకింగ్ లేదు. ముగ్గురు పిల్లలు పోయారు. ఆ తర్వాత గేట్లన్నిటికీ సీసీ కెమెరాలు పెట్టాలని, ఇంటర్‌లాకింగ్ త్వరపెట్టాలని ఆదేశాలు వచ్చాయి. కెమెరా వల్ల ఏం జరిగిందో తర్వాత తెలుస్తుంది. జరగకుండా ఆపేది ఇంటర్‌లాకింగ్. ఉన్న డబ్బుతో ఏది ముందు చేయాలని నన్నడిగితే నా జవాబులో తడబాటు లేదు.

ఈ ఇంటర్‌లాకింగ్ వెనకా, ఆటోమేటిక్ హెచ్చరికల వెనకా ఉన్న ఆలోచనకి పెద్ద చరిత్ర ఉంది. 1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికన్ ట్రాక్ సర్క్యూట్‌కి పేటెంటు పొందాడు. రెండు పట్టాల గుండా చిన్న కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటుంది. ఆ కరెంటు ఒక రిలేను పైకి పట్టి ఉంచుతుంది. రైలు వచ్చి చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేయగానే కరెంటు రిలేకి చేరదు, రిలే కిందికి పడిపోతుంది. పడిన రిలే అంటే రైలుందని అర్థం. ఇక్కడ గొప్పతనం చూడండి. బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, పట్టా విరిగినా రిలే పడిపోతుంది. అంటే పరికరం చెడిపోయినప్పుడు కూడా అది రైలుందనే చెబుతుంది. తెలియనప్పుడు ప్రమాదం ఉన్నట్టే లెక్క. మా విభాగంలో చేరిన ప్రతి కుర్రాడికీ సికింద్రాబాద్‌లోని ఇరిసెట్ శిక్షణలో ముందుగా ఒంటబట్టేది ఇదే.

కానీ ఈ పద్ధతిని మనుషులు భరించాలి. అక్కడ చిక్కు వస్తుంది. గేటు పడి పదిహేను నిమిషాలైనా రైలు జాడ ఉండదు. ఎండలో బైకు మీద ఉన్నవాడు గేట్‌మన్‌ని తిట్టుకుంటాడు, ఆపైన గేటు కింద నుంచి దూరిపోతాడు. గేట్‌మన్ మీద చేయి చేసుకున్న సంఘటనలు మీరు పేపర్లలో చదివే ఉంటారు. గేటు అంతసేపు ఎందుకు పడి ఉంటుందో ఎవరైనా చెప్పాలి కదా. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకి 30 మీటర్లు పోతుంది. అది పూర్తిగా ఆగాలంటే కిలోమీటరు దాకా కావాలి. గేటు సిగ్నల్ కన్నా ఎంతో ముందుండే డిస్టెంట్ సిగ్నల్ దగ్గరే లోకో పైలట్‌కి దారి ఖాళీగా ఉందని తెలియకపోతే అతను బ్రేకు వేయాలి. అంటే రైలు అక్కడికి చేరక మునుపే గేటు పడి, తాళం పడి, సిగ్నల్ వచ్చి ఉండాలి. ఈ సంగతి నాలుగు మాటల్లో రాసిన బోర్డు గేటు దగ్గర పెడితే, ఎన్ని నిమిషాల్లో రైలు వస్తుందో చూపే చిన్న తెర పెడితే, గేట్‌మన్ మీద పడే తిట్లలో సగం ఆగుతాయి. అమెరికాలో ఆటోమేటిక్ క్రాసింగుల దగ్గర రైలు రావడానికి కనీసం 20 సెకన్ల ముందు దీపాలు వెలగాలని నియమం. వస్తున్న రైలు వేగాన్ని లెక్కకట్టి, మెల్లగా వచ్చే గూడ్సుకైనా వేగంగా వచ్చే ప్యాసింజర్‌కైనా ఒకే వ్యవధి ఉండేలా చూసే సర్క్యూట్లు అక్కడ చాలా చోట్ల ఉన్నాయి. ఎప్పుడూ ఒకేలా ఉండే హెచ్చరికను జనం నమ్ముతారు.

కంటిని నమ్మడం గురించి కూడా ఒక మాట. పెద్ద వస్తువు ఎంత వేగంగా వస్తున్నా కంటికి నెమ్మదిగా వస్తున్నట్టే కనిపిస్తుందని హెర్షెల్ లీబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో రైల్వే గేట్ల ప్రమాదాల గురించే రాస్తూ వివరించాడు. విమానాశ్రయం దగ్గర దిగుతున్న పెద్ద విమానం గాలిలో తేలుతున్నట్టుంటుంది కదా, రైలూ అలాంటిదే. అందుకే దూరంగా ఉందిలే, దాటేద్దాం అనుకున్న వాళ్లందరూ తెలివితక్కువవాళ్లు కారు. ఒక రైలు పోగానే గేటు తెరుచుకుంటుందనుకుని ఎదురు లైన్లో వస్తున్న రెండో రైలు కింద పడేవాళ్లూ అంతే. 2005 డిసెంబరు 3న ఇంగ్లండులో ఎల్సెన్‌హామ్ స్టేషన్ దగ్గర కాలినడక దారిలో ఇద్దరు అమ్మాయిలు అలాగే పోయారు. ఆ దారి ప్రమాదకరమని అంతకుముందే కాగితాల మీద రాసి ఉన్న సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటపడలేదు. ఆ కేసులో నెట్‌వర్క్ రైల్ సంస్థకి 2012లో 10 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మన జంట లైన్ల మీద రెండో రైలు గురించి విడిగా చెప్పే దీపమో గొంతో ప్రతి గేటుకీ ఉండాలి.

ఇక మొదట్లో నేనన్న రెండో పని, రోడ్డు సంగతి రైలుకి చెప్పడం. దీన్ని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఇంగ్లండులోని హిక్సన్ గుర్తొస్తుంది. 1968 జనవరి 6. అక్కడ గేట్‌మన్‌ని తీసేసి, రోడ్డులో సగానికి మాత్రమే అడ్డంగా దిగే ఆటోమేటిక్ గేటు పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. దీపాలు వెలిగిన 24 సెకన్లకి రైలు వచ్చేస్తుంది. ఆ రోజు 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మరును మోసుకుంటూ, ముందు పోలీసు కారుతో, పొడవైన ట్రాన్స్‌పోర్టరు మనిషి నడక కన్నా నెమ్మదిగా ఆ గేటు దాటడం మొదలుపెట్టింది. పూర్తిగా దాటడానికి దానికి నిమిషం పైగా కావాలి. సగంలో ఉండగా దీపాలు వెలిగాయి. మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ వచ్చి గుద్దింది. 11 మంది చనిపోయారు.

గేటు పక్కనే టెలిఫోను ఉంది. నెమ్మదిగా దాటే పెద్ద బండి వాళ్లు ముందు సిగ్నల్‌మన్‌కి ఫోను చేయాలని బోర్డూ ఉంది. బండివాళ్లు దాన్ని గమనించలేదు. దారి చూపిస్తున్న పోలీసులకి అలాంటి నియమం ఉందనే తెలియదు. ఆ ప్రమాదం మీద జరిగిన విచారణలో నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి వేరే ఉంది. అంతకు ఏడాది ముందు లెమ్‌స్టర్ దగ్గర అలాంటి గేటులోనే అదే రవాణా కంపెనీ బండి త్రుటిలో తప్పించుకుంది. ఇంత తక్కువ సమయంలో పెద్ద బండి దాటలేదని ఆ కంపెనీ రైల్వేకి ఉత్తరం రాసింది. రైల్వే నుంచి వచ్చిన జవాబులో పెద్దరికమే తప్ప ఆలోచన లేదు. గేటు రోడ్డుకి చెప్పేది చెప్పింది. రోడ్డు రైల్వేకి చెప్పబోతే వినేవాళ్లు లేకపోయారు. హిక్సన్ తర్వాత అక్కడ బోర్డులు పెద్దవయ్యాయి, ఎర్రదీపానికి ముందు పసుపు దీపం వచ్చింది, రెండో రైలు వస్తోందని చెప్పే బోర్డూ వచ్చింది.

మన గేట్‌మన్ దగ్గర ఇలాంటప్పుడు ఏముంది? బండి పట్టాల మధ్య ఆగిపోతే ముందు స్టేషన్ మాస్టరుకి ఫోను చేయాలి, సిగ్నల్ ఎర్రగా ఉండేలా చూడాలి. ఇంటర్‌లాకింగ్ ఉన్న చోట ఇది చాలావరకు కుదురుతుంది. ఈ మార్గాలేవీ అందకపోతే ఎర్రజెండానో ఎర్రదీపమో పట్టుకుని, డిటొనేటర్లు తీసుకుని రైలు వచ్చే వైపు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు. వాటి మీద చక్రం ఎక్కితే పెద్ద చప్పుడవుతుంది, లోకో పైలట్ ఆపేస్తాడు. జంట లైను అయితే రెండో వైపు సంగతీ ఒక్కడే చూసుకోవాలి. కంకర రాళ్ల మీద, చీకట్లో, వర్షంలో, 1200 మీటర్లు. ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆయన ఉద్యోగం పొడవునా డిటొనేటర్ల డబ్బాను రోజూ తుడిచి, వాటి గడువు తేదీ చూసుకుని పెట్టుకునేవారని ఇంటివాళ్లు చెప్పారు. మంచి వయసులో ఉన్న మనిషికి కూడా ఆ దూరం ఆరేడు నిమిషాల పరుగు. అదే దూరాన్ని రైలు నలభై సెకన్లలో దాటేస్తుంది. వందేభారత్‌లు పరుగెత్తే లైన్ల మీద ఆ మనిషి పరుగునే ఆఖరి రక్షణగా ఇంకా నియమాల్లో ఉంచుకోవడం న్యాయం కాదు.

జపానులో గేటు దగ్గర ఎవరైనా నొక్కగలిగే అత్యవసర బటన్ ఉంటుంది. నొక్కగానే పట్టాల పక్క దీపాలు ఎర్రగా మిణుకుతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. చాలా చోట్ల పట్టాల మధ్య ఆగిన బండిని లేజరు కిరణాలతో యంత్రమే కనిపెడుతుంది. అమెరికాలో ప్రతి పబ్లిక్ క్రాసింగు దగ్గర నీలంరంగు బోర్డు ఉంటుంది. దాని మీద రైల్వే ఫోను నంబరు, ఆ క్రాసింగుకి మాత్రమే చెందిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. 2012లో వచ్చిన ఫెడరల్ నియమం దాన్ని తప్పనిసరి చేసింది. దారిన పోయేవాడు ఫోను చేసి ఆ సంఖ్య చెబితే చాలు, ఏ ఊరో ఏ మైలురాయో వివరించనక్కర్లేదు, డిస్పాచరు ఆ లైను మీద రైళ్లు ఆపుతాడు. ఇందులో పెద్ద సాంకేతికత ఏదీ లేదు. ఒక రేకు, రంగు, రెండు సంఖ్యలు, అవతల ఫోను ఎత్తే మనిషి.

మన ప్రతి గేటుకీ ఎల్‌సీ నంబరు, అంటే లెవెల్ క్రాసింగు నంబరు, ఇప్పటికే ఉంది. ఆ నంబరు, ఆ సెక్షన్ కంట్రోలుకి నేరుగా పోయే ఫోను నంబరు, తెలుగులో, రాత్రి లారీ లైటు పడితే మెరిసే అక్షరాలతో, గేటుకి రెండు వైపులా ఉండాలి. గ్రానైటు లారీలు, చెరకు ట్రాక్టర్లు, హార్వెస్టర్లు దాటే గేట్లతో మొదలుపెట్టాలి. రైలుకి ఎదురుగా పట్టాల మీద ఆగిన బండికే ఇది సాయం. అన్ని ప్రమాదాలకీ ఇదే మందని చెప్పను. 2015 ఆగస్టు 24న పెనుకొండ దగ్గర గ్రానైటు లారీ ఒకటి పడి ఉన్న గేటును విరగ్గొట్టుకుని, అప్పటికే దాటుతున్న బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ బోగీని గుద్దింది. లోపల నిద్రలో ఉన్న ప్రయాణికులు పోయారు. అలాంటి చోట గేటుకి చాలా ముందే బరువు బండ్ల వేగం తగ్గించే రోడ్డు ఏర్పాటు ఉండాలి. అది రోడ్లు భవనాల శాఖ పని. రైల్వేకీ ఆ శాఖకీ మధ్య ఖాళీలో ప్రాణాలు పోవడం మనకొక్కళ్లకే జరగలేదు. 1995 అక్టోబరు 25న అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రం ఫాక్స్ రివర్ గ్రోవ్‌లో స్కూలు బస్సు ఎర్రలైటు దగ్గర ఆగింది, వెనక భాగం పట్టాల మీదికి ఉండిపోయింది. రైలు హెచ్చరికకీ, రోడ్డు సిగ్నల్‌కీ కాలం కుదరలేదు. బస్సుకి పచ్చలైటు అందాల్సినంత ముందు అందలేదు. ఏడుగురు విద్యార్థులు చనిపోయారు.

గేట్లు తీసేసి కట్టిన అండర్ బ్రిడ్జిల గురించి చెప్పకపోతే మన ఊళ్లవాళ్లు నన్ను క్షమించరు. 2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య అండర్ బ్రిడ్జిలో నిలిచిన వాననీటిలో స్కూలు బస్సు మునిగింది. ఊరివాళ్లు నీళ్లలోకి దిగి పిల్లల్ని బయటికి తెచ్చారు. లెక్కల్లో ఒక గేటు తగ్గింది, ఆ దారిన పోయే పిల్లలకి ప్రమాదం తగ్గలేదు. పైగా వంతెన కింద నీళ్లుంటే జనం మళ్లీ పట్టాలెక్కే దాటుతారు, ఇప్పుడు అక్కడ గేటూ లేదు, గేట్‌మనూ లేడు. నీళ్లు మోకాటి లోతు దాటగానే వెలిగే ఎర్రదీపం, రోడ్డుకి అడ్డంగా దిగే గేటు, గోడ మీద లోతు గీతలు, పనిచేసే మోటారు అండర్ బ్రిడ్జి అంచనా పత్రంలోనే ఉండాలి. అవి లేని వంతెనను పూర్తయినట్టు రాసుకోకూడదు.

మన దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి–వికారాబాద్ ప్రాంతంలో పరీక్షలు జరిపి ఎదిగిన, రైళ్లు ఢీకొనకుండా చూసే కవచ్ వ్యవస్థలో, గేటు దగ్గరికి రాగానే రైలు దానంతటదే కూత వేసే ఏర్పాటు ఉంది. ప్రమాదం ఎదురైతే లోకో పైలట్, స్టేషన్ మాస్టరు ఆపద సంకేతం పంపే వీలూ ఉంది. ఆ సంకేతం పంపే బటన్ గేట్‌మన్ గదిలో కూడా ఉండాలన్నది నా ప్రధానమైన కోరిక. నొక్కగానే దగ్గరలోని రైళ్లకి చేరాలి, బ్రేకు పడాలి. ఆయన పరుగెత్తాల్సిన 1200 మీటర్లను ఆ రేడియో తరంగం పరుగెత్తుతుంది. దీనికి కావలసిన చదువు, మనుషులు, ప్రయోగశాలలు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి.

ఈ నిధి నిర్వాహకులకు ఒక మనవి చేసి కూర్చుంటాను. వచ్చే ఏడాది ఈ వేదిక మీదికి మాలాంటి విశ్రాంత ఇంజనీర్లను పిలవకండి. ఇప్పుడు డ్యూటీలో ఉన్న గేట్‌మన్‌ని పిలవండి, ఇప్పుడు ఎందరో ఆడవాళ్లు కూడా ఆ పని చేస్తున్నారు, వాళ్లలో ఒకరిని పిలవండి. పన్నెండు గంటల రోస్టరులో ఎన్నోసారి గేటు వేసేటప్పటికి కళ్లు మూతలు పడతాయో, గేటు గదికి మరుగుదొడ్డి లేని చోట ఏం చేస్తారో, పట్టాల మధ్య బండి ఆగితే ముందుగా చేయి దేని మీదికి పోతుందో వాళ్లని అడిగి రాసుకోండి. ఆ రాసుకున్నది డివిజన్ కార్యాలయానికి చేర్చే పని నాకు అప్పగించండి.